ధూళిగాలిలో కర్నాక్: ఏప్రిల్‌లో లక్సర్ వెళ్తున్నా, ఖంసీన్ పడితే ఏం చేయాలి?

మొదటిక్లిక్:
అందరికీ నమస్కారం. ఏప్రిల్ మొదటి వారంలో ఈజిప్టు వెళ్తున్నాను. లక్సర్, అస్వాన్, కుదిరితే అబూ సింబెల్. గుళ్ల ఫొటోల కోసమే ఈ ప్రయాణం, మిగతావన్నీ అదనం. టికెట్లు అయిపోయాయి, తేదీలు మార్చే వీలు లేదు. తీరా ఇప్పుడు ఫోర్‌కాస్ట్ చూస్తే నేను లక్సర్‌లో ఉండే రోజుల్లోనే దక్షిణం నుంచి వేడిగాలి, ధూళి (అక్కడ ఖంసీన్ అంటారు) అని చూపిస్తోంది. కాస్త టెన్షన్‌గా ఉంది.

నా దగ్గర ఒక మిర్రర్‌లెస్ కెమెరా బాడీ, 24-105, 70-200 జూమ్ లెన్సులు, ఒక పాత ట్రైపాడ్ ఉన్నాయి. నీలాకాశం కింద తీసిన కర్నాక్ (లక్సర్‌లోని పెద్ద గుడి) ఫొటోలు ఎక్కడ చూసినా అవే. ధూళిలో తీస్తే వేరుగా వస్తాయని ఆశ ఉంది గానీ, కెమెరాని బలిచ్చేంత ఆశ కాదు. అలాంటి రోజు బయటికి వెళ్లొచ్చా? వెళ్తే ఏ గుడికి, ఏ టైముకి?

నీడలవేట:
వెళ్లండి. లక్సర్‌లో ఏడాదంతా కలిపినా వాన ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. మబ్బులొస్తాయి, మెరుపులొస్తాయి అని కూర్చుంటే జన్మంతా కూర్చోవాలి. అక్కడి ఆకాశం మనకిచ్చే డ్రామా అంతా ధూళే. అది వచ్చే రోజున మీరక్కడ ఉండటం అదృష్టం, దాన్ని గండం అనుకోకండి.

మబ్బులమనిషి:
ఆ గాలి ఎలా వస్తుందో తెలిస్తే టైము మీరే పట్టుకోగలరు. మార్చి నుంచి మే దాకా ఉత్తర ఆఫ్రికా మీదుగా, మధ్యధరా తీరం వెంబడి అల్పపీడనాలు పడమటి నుంచి తూర్పుకు జరుగుతుంటాయి. అల్పపీడనం దగ్గరికి వస్తున్నప్పుడు దాని ముందు వైపుకి ఎడారి లోపలి గాలి దక్షిణం నుంచి ఎగబడుతుంది. అదే ఖంసీన్. ఉష్ణోగ్రత ఒక్కసారిగా 15, 20 డిగ్రీలు ఎగబాకడం, గాలిలో తేమ 5 శాతం కంటే కిందికి పడిపోవడం ఉంటాయి. అల్పపీడనం దాటిపోగానే దాని వెనకున్న చల్లగాలి వాయవ్యం నుంచి వచ్చి మొత్తం ఊడ్చేస్తుంది. గంటల్లో వేడి తగ్గి, ఆకాశం తేటపడుతుంది.

అంటే ఫొటోలవాడికి ఇది మూడు అంకాల నాటకం. మొదటి అంకంలో ఎత్తున పలచటి మబ్బు, ఆకాశం పాలరంగు, సూర్యుడు ఉండీ లేనట్టు. రెండోది అసలు ధూళి. మూడోది గాలి దిశ మారే గంట. చాలామంది రెండో అంకం కోసం పరిగెత్తి మొహం నిండా ఇసుక తింటారు. నన్నడిగితే మంచి ఫొటోలు ఒకటి, మూడు అంకాల్లోనే ఉంటాయి. ధూళి పలచగా ఉన్నప్పుడు స్తంభాలు కనిపిస్తాయి, వాటి వెనకవి మసకబారతాయి, ఇంకా వెనకవి మాయమవుతాయి. చిక్కబడ్డాక అన్నీ మాయమే.

ఇంకో మాట. లక్సర్ సముద్రతీరానికి 600 కిలోమీటర్లకు పైనే దక్షిణంగా ఉంది. అల్పపీడనం కేంద్రం ఉత్తరాన పోతుంది కాబట్టి కైరోలో కనిపించే తీవ్రత అక్కడ ప్రతిసారీ రాదు. ఫోర్‌కాస్ట్‌లో ధూళి బొమ్మ ఒక్కటే చూడకండి, గాలి దిశ ఏ గంటకి దక్షిణం నుంచి వాయవ్యానికి తిరుగుతోందో చూడండి. ఆ గంటకి మీరు గుడిలో ఉండాలి.

ఎర్రఇసుక:
మరి ఆ పెద్ద ధూళి గోడ? కిలోమీటరు ఎత్తున గుడి మీదికి వచ్చి పడుతున్నట్టు ఫొటోలుంటాయే, అది కావాలి నాకైతే.

మబ్బులమనిషి:
అది హబూబ్, వేరే సంగతి. ఉరుముల మబ్బు కూలేటప్పుడు దాని కిందనుంచి చల్లగాలి నాలుగు వైపులా చిమ్ముతుంది, ఆ గాలి ముందంచున ధూళి గోడలా లేస్తుంది. సూడాన్‌లో వానాకాలంలో మామూలే. నాకా, సోలెబ్ లాంటి గుళ్లు ఆ దేశంలోనే ఉన్నాయి గానీ 2023 ఏప్రిల్ నుంచి అక్కడ యుద్ధం నడుస్తోంది, ఆ ఆలోచన పక్కన పెట్టండి. ఏప్రిల్‌లో లక్సర్‌లో గోడ కోసం చూడకండి. ఖంసీన్‌లో గోడ ఉండదు, ఊరంతా నెమ్మదిగా రంగు మారిపోతుంది.

రాతిపిచ్చి:
ఏ గుడి అన్నారు కదా. ధూళి రోజున మొదట కర్నాక్, అందులోనూ పెద్ద స్తంభాల మండపం. ఫారో సేతి, ఆయన కొడుకు రెండో రామెసెస్ కాలంలో, క్రీ.పూ. 13వ శతాబ్దంలో కట్టింది. మొత్తం 134 స్తంభాలు. నడుమ రెండు వరసల్లో ఉన్న 12 స్తంభాలు దాదాపు 21 మీటర్ల ఎత్తు, పక్కలవి వాటికంటే బాగా పొట్టి. ఎత్తులో ఆ తేడాని వాడుకుని నడిమి భాగం పక్కన పైన రాతి జాలీ కిటికీలు పెట్టారు, కొన్ని ఇంకా మిగిలే ఉన్నాయి. మామూలు రోజున ఆ స్తంభాలన్నీ ఒకదానిమీద ఒకటి అతుక్కుపోయి కనిపిస్తాయి, ఏది ముందో ఏది వెనకో ఫొటోలో తెలియదు. మనిషి అక్కడ నిలబడితే కలిగే భయం, గౌరవం ఏవీ ఫ్రేములోకి రావు. ధూళి వాటిని విడదీస్తుంది. చీకటి గదిలో తలుపు సందులోంచి ఎండ పడితే గాల్లో దుమ్ము మెరుస్తుందే, అదే పని ఇక్కడ మండపం అంతటా జరుగుతుంది. స్తంభాల నడుమ ఎండ చారలు చారలుగా కనిపిస్తుంది.

ఇక దిక్కు. గుడి ముఖద్వారం పడమట, నైలు వైపు ఉంది. ఉదయం మీరు లోపలికి నడుస్తుంటే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. మీకు కావలసింది అదే. పొద్దున్న 6 గంటలకే తెరుస్తారు, గుంపులు రాకముందే మండపం చేరండి. మధ్య దారి మీద నిలబడవద్దు, ఆ ఫొటో అందరూ తీసిందే. పక్క వరసల్లోకి వెళ్లి కోణంగా చూడండి, 70-200 వాడండి.

నైలు పడమటి ఒడ్డున హత్షెప్సుత్ రాణి గుడికి లెక్క వేరు. అది తూర్పు వైపు చూస్తుంది, వెనక నిట్టనిలువు సున్నపురాయి కొండ. ధూళి పట్టిన రోజు ఆ కొండ సగం కరిగిపోయి, గుడి మెట్లు ఒక్కటే గాల్లో తేలినట్టు ఉంటుంది. చాలామంది కొండ కనపడలేదని నిరాశపడి వెళ్లిపోతారు.

దూరపుచూపు:
రాతిపిచ్చి గారు చెప్పిన ఎదురెండకి కారణం ఉంది. ధూళి రేణువులు వెలుగుని ఎక్కువగా ముందుకే, అంటే వెలుగు పోతున్న దిశలోనే చెదరగొడతాయి. అందుకే సూర్యుడి వైపు చూస్తే గాలంతా మెరుస్తుంది, సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుంటే అదే ధూళి బురదరంగు పరదాలా చప్పగా ఉంటుంది. అదే గుడి, అదే నిమిషం, మనిషి వెనక్కి తిరిగితే ఫొటో చచ్చిపోతుంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని ముఖ్యమైన విషయం, ఎరుపు చానెల్. ఎడారి ధూళిలో ఇనుము ఆక్సైడ్లు ఉంటాయి, అవి నీలం వెలుగుని మింగేస్తాయి. మిగిలేది నారింజ, ఎరుపు. మీరు మామూలు తెల్ల హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫ్) చూసి ఎక్స్‌పోజర్ బాగుందనుకుంటారు, ఈలోపు ఎరుపు ఒక్కటే ఆ గ్రాఫ్ కుడివైపు గోడకి కొట్టుకుని ఉంటుంది, అంటే మితిమీరి కాలిపోయినట్టు. ఇంటికొచ్చి చూస్తే సూర్యుడి చుట్టూ ఒక పసుపుపచ్చ మచ్చ, దానికి గట్టు కట్టినట్టు అంచు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిచేయలేదు. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకోండి, ఎరుపు తగలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించండి. రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు డేటా) తప్పనిసరి.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి. ఆటో ఏం చేస్తుందంటే, ఫ్రేమంతా నారింజ కనిపించగానే అది లోపమనుకుని నీలం కలిపి బూడిదరంగు చేసి పెడుతుంది. మీరు అంతదూరం వెళ్లింది ఆ రంగు కోసమే కదా. డేలైట్‌లో, 5200, 5500 కెల్విన్ దగ్గర కట్టిపడేయండి.

ఆటోఫోకస్ కూడా తడబడుతుంది, కాంట్రాస్ట్ ఉండదు కాబట్టి. దగ్గరి స్తంభం అంచుని పట్టుకుని ఫోకస్ చేసి, తర్వాత ఫ్రేము సర్దుకోండి. లేదంటే మాన్యువల్.

మొదటిక్లిక్:
ఎంత సమాచారం ఇచ్చారండీ, చాలా థాంక్స్. పోలరైజర్ ఫిల్టర్ ఒకటి కొన్నాను, అది ధూళిని కోస్తుందా? కెమెరా రక్షణ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? వెదర్ సీలింగ్ ఉందని బాక్సు మీద ఉంది.

పాతలెన్స్:
పోలరైజర్ ఇంట్లో పెట్టండి. తేట ఆకాశంలో నీలం వెలుగు పోలరైజ్ అయి ఉంటుంది కాబట్టి అక్కడ పనిచేస్తుంది. ధూళి రేణువులు పెద్దవి, వాటినుంచి వచ్చే వెలుగులో అది పెద్దగా తేడా తేలేదు. పైగా ఒకటి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది. దాని బదులు మామూలు యూవీ ఫిల్టర్ పెట్టండి, ఫొటో బాగుపడటానికి కాదు, దెబ్బ అది తినడానికి.

వెదర్ సీలింగ్ అంటే ఎక్కువగా నీటి తుంపరల గురించి చెప్పే మాట. సన్నటి ధూళికి అది పూర్తి కాపలా కాదు. మీ 24-105 జూమ్ చేస్తే గొట్టం బయటికి పొడుగవుతుంది కదా, పొడుగైనప్పుడల్లా గాలి లోపలికి పీల్చుకుంటుంది, ఆ గాలితో ధూళి. 70-200లో లోపలే జూమ్ అయ్యే రకమైతే ధూళి రోజున అదే మీ ప్రధాన లెన్స్. బయట లెన్స్ మార్చడం ఊసే ఎత్తకండి. హోటల్ గదిలోనే ఏది కావాలో నిర్ణయించుకుని బిగించి బయల్దేరండి.

ఇసుక వేరు, ధూళి వేరు. ఇది చాలామంది కలిపేస్తారు. ఇసుక రేణువు బరువు, గాలి దాన్ని ఎగరేయలేదు, గెంతిస్తుంది. ఆ గెంతులు చాలావరకు నేలనుంచి మీటరు లోపే. ధూళి, అంటే మిల్లీమీటరులో 0.06 వంతు కంటే సన్నది, కిలోమీటర్ల ఎత్తుకి పోతుంది. కాబట్టి గాలి వేగం పెరిగి ఇసుక కదలడం మొదలైతే కెమెరా నడుము కంటే కిందికి తేవద్దు. నేలకి ఆనించి స్తంభాన్ని పైకి చూస్తూ తీసే ఫొటో ఎంత బాగున్నా, ఆ ఎత్తులో మీ లెన్స్ అద్దం మీద పడుతున్నది గరుకు కాగితం.

తుడవడం. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. దాని గట్టిదనం మోస్ కొలతలో 7, గాజుది 5, 6 దగ్గర. గుడ్డ పెట్టి రుద్దారంటే మీ చేత్తో మీరే గీతలు గీసుకున్నట్టు. ముందు చేతి బ్లోయర్‌తో ఊదండి, తర్వాత మెత్తటి బ్రష్, ఆఖరికి గుడ్డ. నోటితో ఊదకండి. డబ్బాలో వచ్చే గాలి స్ప్రేతో సెన్సార్ జోలికి అస్సలు పోకండి.

ట్రైపాడ్ కాళ్లు తిప్పి బిగించే రకమా? అయితే కింది భాగం లాగకండి, పై భాగాలు మాత్రమే వాడండి. ఇసుక మరలో పడితే ఆ శబ్దం వింటేనే ప్రాణం పోతుంది.

గాలిమర:
ఆరోగ్యం గురించి రెండు ముక్కలు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ఆ రోజుకి కళ్లజోడే వాడండి, పక్కలు మూసుకునే రకం దొరికితే ఇంకా మంచిది. మాస్కు ఎన్95. ఆస్తమా ఉంటే వెళ్లకండి, ఇందులో మొహమాటం లేదు. నీళ్లు దాహం వేయకముందే తాగాలి, అంత పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు.

ఎర్రఇసుక:
ఇంత కష్టం ఎందుకు బ్రో? ఎలాగోలా తీసుకొచ్చి సాఫ్ట్‌వేర్‌లో మసకని తీసేసే డీహేజ్ స్లైడర్ లాగితే అన్నీ కనిపిస్తాయి. ఆకాశం బాలేదా, సాఫ్ట్‌వేర్‌లో మంచి మబ్బులు పెట్టుకోవచ్చు. ఈ మధ్య లక్సర్ పడమటి ఒడ్డున ఉన్న మెమ్నాన్ విగ్రహాల ఫొటో ఒకటి సోషల్ మీడియాలో తెగ తిరిగింది, వెనక ఎర్రటి సూర్యాస్తమయం, మెరుపు, అదిరిపోయింది. ఎవరు పట్టించుకుంటారు అది నిజమా కాదా అని?

నీడలవేట:
నేను పట్టించుకుంటాను. ఆ ఫొటో నేనూ చూశాను. మెమ్నాన్ విగ్రహాలు తూర్పు ముఖంగా కూర్చున్నాయి. వాటి వెనక సూర్యుడు అస్తమిస్తున్నాడంటే ముఖాలు నీడలో ఉండాలి. ఆ ఫొటోలో ముఖాల మీద ఎండ ఫెళఫెళా కాస్తోంది, విగ్రహాల నీడ పడమటి వైపు పడుతోంది. అంటే విగ్రహాలని ఉదయం తీసి వెనక ఎక్కడిదో సాయంత్రం అతికించారు. ఒకే లోకంలో ఇద్దరు సూర్యులు. బొమ్మ గీసుకున్నానని చెప్తే నాకు అభ్యంతరం లేదు, ఫొటో అని చెప్పి పెట్టడం దగ్గరే నా గొడవ.

డీహేజ్ సంగతి అంతకంటే చిన్నది, కానీ అంతకంటే చిరాకు. ధూళిలో తీసి, ఆ ధూళినే తీసేయడం ఏమిటి? ధూళి లేని ఫొటో కావాలంటే ధూళి లేని రోజు వెళ్లాల్సింది.

దూరపుచూపు:
డీహేజ్‌ని పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు. ముందున్న స్తంభం ఒక్కదానికి మాస్క్ వేసి (అంటే ఎడిటింగ్‌లో ఆ భాగం మాత్రమే ఎంచుకుని) కొద్దిగా ఇస్తే అది గట్టిగా నిలబడుతుంది, వెనకవి మసకగానే ఉంటాయి, లోతు పెరుగుతుంది. ఫ్రేమంతటికీ ఒకేలా లాగితే మాత్రం దగ్గరిదీ దూరంది ఒకే దూరంలోకి వచ్చేస్తాయి. ఆకాశంలో గరుకుదనం, సెన్సార్ మీద పడ్డ ప్రతి మచ్చా కూడా బయటపడతాయి. ధూళి రోజున మచ్చలకి కొదవుండదు.

ఎర్రఇసుక:
సరే సరే, మాస్క్ ఐడియా బాగుంది. మబ్బులు అతికించడం మీద మాత్రం నేనింకా ఒప్పుకోను 🙂 పెయింటింగ్‌లో ఆకాశం ఊహించి వేస్తే తప్పులేదు, మనం చేస్తే తప్పా?

రాతిపిచ్చి:
ఈ గొడవ ఫొటోగ్రఫీ పుట్టినప్పటిదే. ఫ్రెంచి రచయిత మాక్సిమ్ దు కాంప్ 1849లో ఈజిప్టు వెళ్లి 1851 దాకా ఆ ప్రాంతాలు తిరిగాడు, కాగితం నెగటివ్‌ల మీద గుళ్లని తీశాడు. అప్పటి ఆ పద్ధతిలో ఆకాశం ఎలాగూ పడదు, తెల్లగా కాలిపోతుంది. చాలామంది ఆ రోజుల్లో వేరే నెగటివ్‌తో మబ్బులు ముద్రించుకునేవారు కూడా. దు కాంప్ వేరే దారి పట్టాడు. ఆకాశంతో పని లేకుండా, తనతో ఉన్న ఒక పడవవాణ్ణి రాళ్ల మీద, విగ్రహాల పక్కన నిలబెట్టి తీశాడు, కొలత తెలియడానికి. ఆ మనిషిని చూశాకే ఆ రాయి ఎంతదో మనకి తడుతుంది. అబూ సింబెల్‌ విగ్రహాలు అప్పుడు బోలెడంత ఇసుకలో కూరుకుని ఉన్నాయి.

ఆ తర్వాత 1850లలోనే ఇంగ్లీషు ఫొటోగ్రాఫర్ ఫ్రాన్సిస్ ఫ్రిత్ గాజు పలకలతో వెళ్లాడు. తడి కొలోడియన్ పద్ధతి అది. పలక మీద మందు పూసి ఆరేలోపే ఫొటో తీసి కడిగేయాలి. గుడారంలో ఆ వేడికి మందు పొంగేదని, ఎగిరొచ్చి అంటుకునే ధూళితో అవస్థ పడ్డానని ఆయన చెప్పుకున్నాడు. మనం జిప్‌లాక్ కవర్ మర్చిపోయామని ఏడుస్తున్నాం.

నే చెప్పొచ్చేదేమంటే, ధూళి ఫ్రేములో మనిషిని పెట్టండి. ఫ్రేము ఖాళీ అయ్యేదాకా గంటలు గంటలు కాచుకునేవాళ్లుంటారు, అది మంచి అలవాటే గానీ ధూళిలో కాదు. దూరం ఎంతో, ఎత్తు ఎంతో చెప్పే ఆధారాలన్నీ ధూళి మింగేసింది. 21 మీటర్ల స్తంభం మనిషి లేకపోతే ఏడు మీటర్లదైనా కావచ్చు. మొహం తెలియనంత దూరంలో గలాబియా (పొడవాటి వదులు అంగీ) వేసుకున్న కాపలాదారు నడుస్తుంటే చాలు.

మొదటిక్లిక్:
కాపలాదారుల్ని తీయొచ్చా? డ్రోన్ సంగతి? మా తమ్ముడు తన డ్రోన్ ఇస్తానంటున్నాడు.

నీడలవేట:
మనిషిని గుర్తుపట్టేంత దగ్గరగా తీస్తే ముందు అడగండి, చాలామంది తర్వాత బక్షీష్ అడుగుతారు, ఇవ్వదలుచుకోకపోతే తీయకండి. డ్రోన్ ఇంట్లోనే ఉండనివ్వండి. ఈజిప్టులో 2017 నాటి 216వ చట్టం ప్రకారం రక్షణ శాఖ అనుమతి లేకుండా అది తేవడమే నేరం, విమానాశ్రయంలోనే లాక్కుంటారు. ట్రైపాడ్‌కి చాలా చోట్ల విడిగా టికెట్ అడుగుతారు, టికెట్ కౌంటర్ దగ్గరే కనుక్కోండి. ఫొటో కోసం గోడలెక్కడం, పడిపోయిన రాళ్లమీద నిలబడటం వద్దు. ఆ ఇసుకరాయి చూడ్డానికి గట్టిగా ఉంటుంది గానీ ఉప్పు పట్టి లోపల పొడిపొడిగా ఉంటుంది.

రాతిపిచ్చి:
అవును, ఉప్పే అసలు శత్రువు. అందరూ గాలీ ఇసుకా తినేశాయనుకుంటారు. కర్నాక్ మండపంలో 1899 అక్టోబరులో 11 స్తంభాలు ఒక్కసారిగా కూలాయి, అది గాలి పని కాదు, పునాదుల కిందికి చేరిన నీటి పని. నేలలోని తేమ ఉప్పుని మోసుకుంటూ రాయిలోకి ఎక్కుతుంది, ఆరాక ఉప్పు గడ్డకట్టి రాతి పొరల్ని పెకలిస్తుంది. స్తంభాల అడుగు భాగాల్ని 70-200తో దగ్గరగా చూడండి, తెల్ల చారలు కనిపిస్తాయి. పక్కనుంచి పడే ఎండలో తీస్తే అదొక మంచి సిరీస్ అవుతుంది. ధూళి బాగా చిక్కబడి దూరం ఏమీ కనిపించనప్పుడు చేతులు కట్టుకుని కూర్చోకుండా ఈ పని చేయొచ్చు.

ఎర్రఇసుక:
వాన కావాలంటే జోర్డాన్‌లోని పెట్రా వెళ్లాలి మరి. తడిసిన ఎర్రరాయి, లోపలికి వెళ్లే సిక్ అనే ఇరుకు కొండసందులో నీళ్లు, అబ్బా.

మబ్బులమనిషి:
సిక్‌లో నీళ్లు చూడాలని కోరుకోకండి. 1963 ఏప్రిల్‌లో అక్కడ వచ్చిన మెరుపు వరదలో ఇరవై మందికి పైగా ఫ్రెంచి యాత్రికులు చనిపోయారు. 2018 నవంబరులో మళ్లీ వరద వస్తే వేలమందిని ఖాళీ చేయించారు. ఎడారిలో వాన మీ నెత్తిన పడనక్కర్లేదు, ఎక్కడో పది కిలోమీటర్ల అవతల కొండమీద పడితే చాలు, బోసి నేల ఒక్క చుక్కా పీల్చుకోకుండా వాగులోకి తోసేస్తుంది. పెట్రాని కట్టిన నబతీయులకి ఈ సంగతి తెలుసు, అందుకే సిక్ మొదట్లో ఆనకట్ట కట్టి నీటిని పక్కన సొరంగంలోకి మళ్లించారు. వాన సూచన ఉంటే ఎత్తున ఉండి తీయండి, ఇరుకు సందులో వద్దు. ఇంకోటి, అక్కడ అందరూ ఫొటో తీసే, ‘ఖజానా’ అని పిలిచే కట్టడం గుడి కాదు, సమాధి. గుడి కావాలంటే లోయ చివర కస్ర్ అల్ బింత్ ఉంది.

మెరుపుల విషయం కూడా చెప్పేస్తాను. ఎడారిలో మబ్బు కింద వాన తెరలా వేలాడుతూ నేలని తాకకుండానే ఆవిరైపోవడం కనిపిస్తుంది. ఫొటోకి అద్భుతం. కానీ ఆ ఆవిరయ్యే చోట గాలి చల్లబడి ఒక్కసారిగా కిందికి దూకుతుంది, నిమిషాల్లో ధూళి లేస్తుంది. తెర మీవైపు వస్తుంటే ట్రైపాడ్ మడిచేయండి. మెరుపు కనిపించాక ఉరుము 30 సెకన్లలోపు వినిపిస్తే మీరు ప్రమాదం పరిధిలో ఉన్నట్టే. చదును నేలమీద విడిగా నిలబడ్డ స్తంభం పక్కన లోహపు ట్రైపాడ్ పట్టుకుని నిలబడటం కంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

మొదటిక్లిక్:
అందరికీ నమస్కారం మళ్లీ. తిరిగొచ్చేశాను. ఇక్కడ ఇంత సాయం చేశారు కాబట్టి ఏం జరిగిందో చెప్పాలి.

ధూళి ఫోర్‌కాస్ట్ కంటే ఆలస్యంగా వచ్చింది. ముందు రోజు సాయంత్రం లక్సర్ గుడిలో ఉన్నాను, ఆకాశం మబ్బులమనిషి గారు చెప్పినట్టే పాలరంగుకి తిరిగింది. ఆ గుడి రాత్రి కూడా తెరిచి ఉంటుంది కాబట్టి చీకటి పడేదాకా ఉండిపోయాను. దీపాల వెలుగు గాల్లో ఆగిపోయి ముందున్న ఒంటి ఒబెలిస్కు (కొన తేలిన ఏకశిలా స్తంభం) చుట్టూ గుడ్డలా కప్పుకుంది. దాని జత 1830ల నుంచీ పారిస్‌లో ఉందట, ఆ ఖాళీ చోటుని కూడా ఫ్రేములో ఉంచాను.

మర్నాడు 6 గంటలకి కర్నాక్. ఎదురెండ గురించి చెప్పింది అక్షరాలా నిజం. మండపంలో పక్క వరసల్లోంచి 70-200తో తీసినవి బాగా వచ్చాయి. ఎరుపు హిస్టోగ్రామ్ చూసుకుంటూ ఒకటిన్నర స్టాపు దాకా తగ్గించాల్సి వచ్చింది, తెల్ల హిస్టోగ్రామ్ మాత్రం ఇంకా చోటుందనే చెప్తోంది. తొమ్మిది దాటాక గాలి పెరిగింది, నేలమీద ఇసుక పాముల్లా పాకడం కనిపించగానే కెమెరా కవర్లో పెట్టి స్తంభాల అడుగుల్లో ఉప్పు చారలు కళ్లతోనే చూసుకుంటూ తిరిగాను. మధ్యాహ్నానికి రెండో వరస స్తంభం కూడా కనపడలేదు.

గాలి తిరిగే గంట సాయంత్రం వచ్చింది. పడమటి ఒడ్డున మెమ్నాన్ విగ్రహాల దగ్గర ఉన్నాను. సూర్యుడు వాటి వెనకే, ముఖాలు నీడలోనే (నీడలవేట గారూ, మీరే గుర్తొచ్చారు). ధూళి పడమటి నుంచి పలచబడుతూ వచ్చింది, వెనక కొండ మొదట గీతలా, తర్వాత పూర్తిగా తేలింది. ఒకే చోట నిలబడి వరసగా తీశాను, విడి ఫొటోల కంటే ఆ వరస మొత్తం కలిపి పెడితేనే బాగుంది.

ఒక్క సమస్య. 24-105 ఆ రోజు సంచిలోంచి తీయనే లేదు, అయినా ఇప్పుడు జూమ్ రింగు తిప్పితే కరకరమంటోంది. లోపల ధూళి పడిందా?

దూరపుచూపు:
వరస ఐడియా చాలా బాగుంది. ఆ కొండ తేలే ఫొటోలు అన్నిటికీ ఒకే ఎక్స్‌పోజర్, ఒకే వైట్ బ్యాలెన్స్ ఉంచారా? ఉంచితే రంగు నారింజ నుంచి నీలానికి జరగడం దానంతట అదే కనిపిస్తుంది, ఎడిటింగ్‌లో ఒక్కోదాన్ని విడిగా సరిచేయకండి.

మొదటిక్లిక్:
వైట్ బ్యాలెన్స్ ఒకటే. ఎక్స్‌పోజర్ మాత్రం వెలుగు తగ్గుతుంటే రెండుసార్లు మార్చాను.

పాతలెన్స్:
పర్వాలేదు, వెలుగు తేడాని ఫైళ్లలో ఒకే లెక్కన సర్దుకోవచ్చు. లెన్స్ విషయం: సంచి జిప్ సందుల్లోంచి కూడా సన్నధూళి దూరుతుంది, అందుకే సంచిలో మళ్లీ జిప్‌లాక్ కవర్ పెట్టమంటాం. ఇక ఆ రింగు తిప్పకండి, తిప్పిన కొద్దీ లోపలికి నూరుకుంటూ పోతుంది. లెన్స్‌ని కిందికి వంచి పట్టుకుని రింగు సందుల్లో పొడి బ్రష్‌తో మెల్లగా దులపండి, తర్వాత బ్లోయర్. నూనె గానీ, స్పిరిట్ గానీ, తడి గుడ్డ గానీ వద్దు. దులిపాక ఒక్కసారి సగం దాకా తిప్పి చూడండి. శబ్దం పోతే సంతోషం, పోకపోతే విప్పే సాహసం చేయకుండా సర్వీసుకి ఇచ్చేయండి, ఇసుకలో వాడానని ముందే చెప్పండి, వాళ్లు ఎక్కడ విప్పాలో అదే చెప్తుంది. బాడీ మౌంటు చుట్టూ ఉన్న రబ్బరు అంచు కూడా ఓసారి టార్చి వేసి చూసుకోండి, అక్కడ గోధుమరంగు గీత కనిపిస్తే లెన్స్ ఊడదీసే ముందే బయటినుంచి దులపాలి.